వాడి చూస్తే పోయేదేముంది?

ఏళ్ల తరబడి డిప్రెషన్ మాత్రలు వాడి, ఆపేశాక నెలలు గడిచినా తేరుకోని మనిషికి మన ఇళ్లలో దొరికే సలహా ఒకటే. "ఆ ఇంగ్లీషు మందులు ఇక చాలమ్మా, ఆయుర్వేదమో హోమియోనో వాడి చూడు. పనిచేస్తే మంచిదే, లేకపోతే పోయేదేముంది?" ప్రేమతో అనే మాటే. కానీ ఈ మనిషి విషయంలో అది తప్పు.

మాత్ర ఆపాక కొందరికి తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, నిద్ర పట్టదు, ఒకచోట కూర్చోలేరు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి నెలలు దాటుతుంది. అంతకుముందు ఏమీ చేయని కాఫీ, జలుబు మాత్ర కూడా ఇప్పుడు పడటం లేదనేవాళ్లున్నారు. అలాంటి శరీరంలోకి చూర్ణం వెళ్లినా లేహ్యం వెళ్లినా వెళ్లేది మందే.

సర్పగంధ సంగతి చూడండి. రక్తపోటుకూ ఉన్మాదానికీ ఈ వేరు పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. 1952లో దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. అది మెదడులోని సెరటోనిన్, నారడ్రినలిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని తర్వాత తేలింది. బీపీకి దాన్ని వాడినవారిలో కొందరు దిగులులో పడ్డారన్న నివేదికలు ఆ దశకంలోనే వచ్చాయి. తప్పు మందుదేనా అన్నది ఇంకా తెగని వాదం. కానీ డిప్రెషన్ మాత్ర ఏ సెరటోనిన్ మీద పనిచేస్తుందో ఈ వేరూ దాని మీదే చెయ్యి వేస్తుందన్నది వాదం లేని మాట. సర్పగంధ మాత్రలను నిద్ర కోసం ఇప్పటికీ అమ్ముతున్నారు. మాత్ర మానేసినవాడు మొదట మొరపెట్టుకునేది నిద్ర గురించే కదా!

అమెరికాలోని మనవాళ్లకు సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలిక చీటీ లేకుండానే దొరుకుతుంది. పాత మాత్ర పూర్తిగా మానకముందే దీన్ని మొదలుపెడితే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. గర్భనిరోధక మాత్రల బలాన్నీ అది తగ్గిస్తుంది. అశ్వగంధ, అదే మన పెన్నేరు గడ్డ, వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉన్నట్టు 2004లో వెల్లడైంది.

అసలు సంప్రదాయ వైద్యుడెవరూ తన మందు ఏమీ చేయదని అనడు. అందుకే పథ్యం పెడతాడు, అనుపానం చెబుతాడు. ఏమీ చేయని మందుకు వంకాయ మానడమెందుకు? "సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్నది అంగడి మాట, శాస్త్రం మాట కాదు.

బాగా పలచబరిచిన హోమియో మాత్రలో మందు మిగలదు కాబట్టి దానంతట అది హాని చేయకపోవచ్చు. చిక్కు దానితో వచ్చే మాటల్లో ఉంది. "ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది" అంటారు. మాత్ర మానిన బాధ ఎలాగూ అలలుగానే వస్తుంది: నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ పడేస్తుంది. ఈ సూత్రం ప్రకారం పెరిగినా మందు పనే, తగ్గినా మందు గొప్పే. ఇక ఓడిపోయే మందు ఎక్కడుంటుంది?

ఇంత చెప్పి మానసిక వైద్యులను వదిలేస్తే అన్యాయం. జనాన్ని అటు తోసింది చాలావరకు వాళ్లే. మానినప్పటి బాధలు స్వల్పమనీ, వారంలో పోతాయనీ బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2019 దాకా చెప్పాయి. ఆ ఏడాదే దిద్దుకున్నాయి. మోతాదు సగం, సగంలో సగం, ఆపై సున్నా అనే లెక్క ఇప్పటికీ నడుస్తోంది. సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 40 మిల్లీగ్రాములు మెదడులో అది పట్టుకునే చోట్లలో దాదాపు 86 శాతాన్ని ఆక్రమిస్తుంది. 20కి తగ్గించినా 80 శాతం ఉంటుంది. 5 దగ్గర కూడా 60కి కాస్త దిగువనే. అంటే 40 నుంచి 20కి దిగడం చిన్న మెట్టు, చివరి 5 నుంచి సున్నాకి దూకడం మేడ మీంచి దూకడం. అలా దూకించి, కిందపడ్డవాణ్ణి "నీ పాత జబ్బే తిరగబెట్టింది" అని పంపేస్తే అతను చూర్ణాల కొట్టుకు వెళ్లక ఎక్కడికి వెళతాడు?

నిజంగా తిరగబెట్టేవాళ్లూ ఉన్నారు. 2021లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో మాత్ర ఆపినవారిలో 56 శాతానికి, కొనసాగించినవారిలో 39 శాతానికి ఏడాదిలో డిప్రెషన్ మళ్లీ వచ్చింది. కాబట్టి ఏది మానిన బాధో, ఏది జబ్బో తేల్చాలి. ఆపిన కొద్ది రోజులకే మొదలై, తలలో కరెంటు లాంటి కొత్త లక్షణాలతో వస్తే మొదటిదాన్ని అనుమానించాలి. భరించలేకపోతే పాత మందునే చిన్న మోతాదులో మళ్లీ మొదలుపెట్టి, ఈసారి నెలల మీద, చివరి మెట్లు మరీ చిన్నవిగా చేసి దించే పద్ధతి ఉంది. అది డాక్టరు చూస్తుండగా జరగాలి. మింగనక్కర్లేని వైద్యాలూ ఉన్నాయి: మాటలతో చేసే చికిత్స, నడక, వేళకు పడక. వీటికి నా అభ్యంతరం లేదు.

అయినా మూలికా వైద్యుడి దగ్గరికే వెళ్తానంటే పాత మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. పొట్లంలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసివ్వమనండి. రాయనన్నవాడి పొట్లం అక్కడే వదిలేసి రండి.