పచ్చ అద్దం కోసం...

గురజాల దగ్గర మా ఊళ్లో తాతయ్య కట్టించిన ఇల్లొకటి ఉండేది. వీధి గుమ్మం పైన అర్ధచంద్రాకారంలో టేకు కమాను. అందులో ఏడు రంగు అద్దాలు. నడిమి రేకు ఎరుపు. దానికి అటూ ఇటూ పసుపు. వాటి పక్కన నీలం. చివర్న రెండూ ఆకుపచ్చ. విప్పిన విసనకర్రలా ఉండేది చూడ్డానికి.

తూర్పు ముఖం ఇల్లు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడితే ఆ ఏడు రంగులూ లోపల నాపరాళ్ల మీద పరుచుకునేవి. వేసవి సెలవులకి వెళ్లినప్పుడు పిల్లలందరికీ అదే ఆట. ఎర్ర రంగులో చెయ్యిపెట్టి ‘రక్తం... రక్తం’ అని అరవడం. నీలం రంగులో నిలబడి నేనే కృష్ణుణ్నని గొప్పలు పోవడం. నాయనమ్మకి మాత్రం అది గడియారం. ఎరుపు వచ్చి రోలు దగ్గరికి చేరిందంటే పొయ్యి వెలిగించే వేళయినట్టు!

ఇప్పుడా ఇల్లు లేదు. పంపకాల్లో బాబాయి వాటాకి వచ్చింది. గోడలు నెర్రెలిచ్చాయి, పైకప్పు కురుస్తోంది, పడగొట్టి శ్లాబు వేసుకుంటానన్నాడు. తప్పేముంది? అందులో కాపురం ఉండాల్సింది ఆయన. సెలవులకి వెళ్లి రంగులు చూసి వచ్చేవాళ్లం మేము. తలుపులూ ద్వారబంధాలూ పాత కలప కొనే వాళ్లకి బేరం పెట్టారు. ఆఖరి నిమిషంలో పెదనాన్న ‘ఆ కమాను మాత్రం ఇవ్వకండ్రా’ అన్నారు. సరే అని దాన్ని గడ్డపారతో పెకిలించారు. కుడివైపు చివరి పచ్చ అద్దం ఫెళ్లుమంది. మిగతా ఆరూ క్షేమం.

ఆ ఒక్క పచ్చ అద్దం కోసం తిరిగిన తిరుగుడే ఈ వారం కబురు.

మొదట నరసరావుపేటలో ఒక అద్దాల కొట్టుకి వెళ్లాను. కొట్టతను కమానుని ఒకసారి చూసి, ‘అన్నీ పీకేసి కొత్తగా ప్లెయిన్ అద్దం వేయిద్దాం సార్. పైన కలర్ స్టిక్కర్ అంటిస్తా. తేడా కనిపెడితే డబ్బులివ్వొద్దు’ అన్నాడు. నమూనా కూడా చూపించాడు. చూడ్డానికి బాగానే ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చి ఎండకి అడ్డంగా పెట్టాను. రంగుంది కానీ, మెరుపు లేదు. తడిసిన రంగు కాగితంలా ఉంది.

తేడా ఎక్కడుందో చెప్పింది ఒక పెద్దాయన. నరసరావుపేటలోనే వడ్రంగం చేస్తారు. వయసు డెబ్భై పైమాటే. ‘శివరాత్రి దాకా ప్రభల పని ఉంది. కోటప్పకొండ తిరునాళ్లయ్యాక తీసుకురండి’ అన్నారు. అలాగే తీసుకెళ్లాను. ఆయన రంగు చూడలేదు. పగిలిన ముక్క తీసుకుని దాని అంచు చూశారు.

‘ఇదిగో బాబూ, అంచు కూడా పచ్చగానే ఉంది కదా? అంటే గాజు కరిగినప్పుడే రంగు కలిసింది. వందేళ్లు ఎండలో పెట్టినా పోదు. స్టిక్కరు అద్దం అంచు చూడండి, మామూలుగా ఉంటుంది. ఎండకి నాలుగేళ్లలో పొరలు లేస్తుంది’ అన్నారు. పల్నాడు ఎండ సంగతి చెప్పేదేముంది... వేసవి వస్తే టీవీ వార్తల్లో రెంటచింతల పేరు వినబడాల్సిందేగా!

ఎర్ర అద్దం అంచు మాత్రం వేరేలా ఉంది. ముప్పాతిక వంతు తెల్లగా, ఒక పక్కన వెంట్రుక మందాన ఎరుపు. అది మోసం కాదట. రాగితోనో బంగారంతోనో తెచ్చే ఎరుపు మహా చిక్కగా ఉంటుంది. అద్దం మందమంతా అదే ఉంటే వెలుగు దూరక నల్లగా కనిపిస్తుంది. అందుకని కొలిమి దగ్గరే తెల్ల గాజు మీద ఎర్ర గాజుని పల్చగా పొరలా తొడుగుతారు. నీలానికైతే కోబాల్టు చిటికెడు చాలు. ఊదాకి మాంగనీసు. పచ్చకి ఇనుమూ, క్రోమియం, రాగి. ఆ మాటకొస్తే ఏ కిటికీ అద్దాన్నైనా అంచు నుంచి చూడండి, లేత పచ్చ కనిపిస్తుంది. ఇసుకలో ఉండే ఇనుము చేసే పని అది.

ఇసుక అంటే గుర్తొచ్చింది. మామూలు గాజులో నూటికి డెబ్భై వంతులకు పైగా ఇసుకే. తర్వాత సోడా. ఓ పది వంతులు సున్నం. సున్నానికి మన పిడుగురాళ్లని మించిన ఊరేది? గాజుకి పనికొచ్చే తెల్ల ఇసుకేమో గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు ఉంది. ముడిసరుకంతా మన రాష్ట్రంలోనే పెట్టుకుని, అరచేతి వెడల్పు పచ్చ అద్దం కోసం నేను ఊళ్లు తిరుగుతున్నాను!

ఆ తిరుగుడులోనే చాలామంది ‘ఓ, స్టెయిన్డ్ గ్లాసా’ అన్నారు. మన గుమ్మాల మీదివి ఆ పేరుతోనే చలామణీ అవుతున్నాయి కానీ, సిసలు స్టెయిన్డ్ గ్లాస్ పని ఇంతకంటే పెద్దది. తెలుగు నేల మీద అది చూడాలంటే మెదక్ వెళ్లాలి. అక్కడి చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దగ్గరుండి కట్టించారు. క్రీస్తు పుట్టుక, శిలువ వేయడం, ఆరోహణం... ఈ మూడు ఘట్టాలతో మూడు పెద్ద కిటికీలున్నాయి. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. ఆయన చిన్నప్పుడు అన్నగారి గాజు చిత్రాల కార్ఖానాలోనే పని నేర్చుకున్నవాడు.

ఆ పని తీరే వేరు. ముందు కాగితం మీద అసలు కొలతల్లో బొమ్మ గీస్తారు. దాని ప్రకారం రంగు గాజు ముక్కలు కోస్తారు. ముఖాలూ, బట్టల మడతలూ ఇనుప భస్మం, గాజు పొడి కలిపిన రంగుతో రాసి కొలిమిలో కాలుస్తారు. అప్పుడది గాజులో భాగమైపోతుంది. తర్వాత ఇంగ్లిషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే సీసపు పట్టీల మధ్య ముక్కల్ని ఇరికించి, కలిసిన చోటల్లా టంకం పెడతారు. సందుల్లోకి సుద్ద, అవిసె నూనె కలిపిన ముద్ద కూరుతారు. ఏళ్లు గడిచాక గాజు బాగానే ఉన్నా సీసం సడలి బొమ్మ పొట్టలా ఉబ్బుతుంది. అప్పుడు మొత్తం దింపి, కాగితం పరిచి పెన్సిలుతో అచ్చు తీసుకుని, ప్రతి ముక్కకీ నంబరేసి, విప్పి, కొత్త సీసంతో మళ్లీ కూర్చాలి. అందరివల్లా అయ్యే పని కాదు.

మన కమానులో అదేం లేదు. సీసం లేదు, టంకం లేదు. కర్రలో గాడి తీసి, అద్దం నిలబెట్టి, సన్నపు చెక్క పట్టీ కొట్టి, లప్పం పూశారు. అంతే! అంటే అద్దం పగిలితే బాగుచేయడానికి విదేశీ నిపుణుడు అక్కర్లేదు. ఓపికున్న వడ్రంగి చాలు. ఈ సంగతి తెలియకే చాలామంది ‘ఇప్పుడెవరు చేస్తార్లే’ అని కమానుల్ని కలపతోపాటు తూకానికి వేసేస్తున్నారు. నాకు కష్టం అనిపించింది అది.

పెద్దాయన పని చూస్తూ ఓ పూట కూర్చున్నాను. ముందు ఫొటో తీయించారు. అట్టముక్క మీద ఏడు రేకుల ఆకారాలూ గీసుకుని నంబర్లు వేశారు. పాత లప్పం రాయిలా బిగిసిపోయి ఉంది. ఉలితో పొడవలేదు. దాని మీద అవిసె నూనె పూసి రెండు రోజులు వదిలేశారు. మెత్తబడ్డాక కొద్దికొద్దిగా గీరారు. కర్రకి పాత రంగు ఉందిగా, గరుకు కాగితం పడతారేమో అనుకున్నాను. ‘వద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడి లేస్తే మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది’ అంటూ తడిపి గీకారు. అద్దాలకి యాసిడ్ తగలనివ్వలేదు. మంచినీళ్లు, దూది... అంతే.

దుమ్ము పోయాక చూస్తే నీలం అద్దంలో సన్నటి అలలున్నాయి. చిన్న చిన్న బుడగలు కూడా. ‘పాత అద్దం కదా, కిందికి జారుతోంది’ అన్నారు పక్కనున్న పెదనాన్న. ఈ మాట ఇంగ్లండులో కూడా అంటుంటారు. నిజం కాదు. గాజు అలా కారదు. కరిగించిన తగరం మీద గాజుని పరిచి నున్నటి పలకలు తీసే పద్ధతిని పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించింది 1959లో. అంతకుముందు అద్దాలు ఊదో, లాగో, రోలర్ల మధ్య నడిపో చేసినవి. అందుకే ఎగుడుదిగుళ్లు. పెదనాన్నకి చెబితే నమ్మలేదు. ‘నా కళ్లముందే జారింది’ అన్నారు. నేనూ వాదించలేదు.

ఇక పచ్చ అద్దం. నరసరావుపేటలో లేదు. గుంటూరులో ఉన్నది పూలచెక్కుడు పచ్చ. హైదరాబాద్‌లో దొరికింది మరీ చిలకపచ్చ. చివరికి పాత కలప అమ్మే ఒక అడితిలో, గోడకి ఆనించిన తలుపుల వెనక, సగం విరిగిన వెంటిలేటరు కనిపించింది. అందులో ఒక్కటే పచ్చ ముక్క. ఎవరి ఇంటిదో, ఏ ఊరిదో! కొట్టాయన దాన్ని ఊరికే ఇచ్చేశాడు. ‘అద్దాలు మాకు అడ్డం సార్, పగలగొట్టే కలప పేరుస్తాం’ అన్నాడు. ఆ మాటకి ప్రాణం ఉసూరుమంది.

తెచ్చిన ముక్క మా పచ్చ కంటే ఓ పిసరు లేత. కమానులో అటు చివర ఒక పచ్చ, ఇటు చివర ఒక పచ్చ. తేడా తెలుస్తుంది. రెండూ మార్చేసి ఒకే రంగువి వేద్దామా అన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. ‘బతికున్నదాన్ని ఎందుకు తీయడం? తేడా ఉంటే ఉండనీండి. ఇది తర్వాత వేసిందని చూసినవాళ్లకి తెలుస్తుంది’ అన్నారు. పెద్ద పెద్ద కట్టడాల్ని బాగుచేసేవాళ్లు పాటించే సూత్రం కూడా ఇంచుమించు ఇదే. ఆయన దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గాజు కోసే కలం చక్రాన్ని కిరోసిన్‌లో ముంచారు. అట్టముక్క ఆకారం పెట్టి ఒక్కటంటే ఒక్క గీత. కిర్ర్‌మని శబ్దం. రెండోసారి గీస్తే అద్దం ఎటు పగులుతుందో చెప్పలేమట. వంపు దగ్గర గీత కింద నుంచి కలం వెనక భాగంతో టక్‌టక్‌మని తట్టుకుంటూ వెళ్లారు. ముక్క విడివడింది. నేను ఊపిరి వదిలాను. గాడి కంటే రవ్వంత చిన్నదిగా కోశారు. వానాకాలం కర్ర ఉబ్బితే అద్దానికి చోటుండాలిగా!

అద్దం కుదిరింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. కమాను పెట్టేదెక్కడ?

బాబాయి కొత్త ఇంటికి పూజగది తలుపు మీద పెడదామన్నారు. పిన్నికీ అదే ఇష్టం. పెద్దాయనకి ఫోన్ చేస్తే, ‘పూజగది వెనక ఏముంది?’ అని అడిగారు. గోడ. ‘మరైతే నల్ల పలక పెట్టుకున్నా ఒకటే’ అన్నారు. నిజమే. వెనక వెలుగు లేకపోతే రంగు అద్దం నల్లగా ఉంటుంది. మెదక్ కిటికీలూ అంతే. పొద్దుగూకాక లోపల నిలబడి చూస్తే బొమ్మ కనిపించదు. లోపల బల్బు పెట్టుకోవచ్చన్నాడు మా తమ్ముడు. హోటల్లో పెడుతున్నారట అలా. రోజంతా ఒకేలా వెలిగే రంగు చూసి నాయనమ్మ వేళ ఎలా చెప్పేదో వాణ్నే అడగాలి.

తూర్పున పక్కింటి గోడ లేచిపోయింది. దక్షిణం, ఉత్తరం కూడా ఖాళీ లేదు. మిగిలింది పడమర. మెట్ల మలుపులో కిటికీ. బాబాయి ఆలోచించారు. మేస్త్రీ లింటెల్ అప్పటికే పోసేశాడు. దాన్ని కొట్టి అర్ధచంద్రాకారంలో మళ్లీ కట్టాలి. ఖర్చు ఎంతో కాదు గానీ, పని ఆగుతుంది. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోరోజు ఫోన్ చేసి, ‘కమాను వెడల్పెంతో కొలిచి చెప్పు’ అన్నారు.

మొన్న గృహప్రవేశం. సాయంత్రం నాలుగున్నరకి మెట్ల మీద రంగులు దిగాయి. అప్పుడు గోడకి అడ్డంగా పడేవి కాదు, ఇప్పుడు మెట్టుమెట్టుకీ విరిగి పడుతున్నాయి. లేత పచ్చ ఏదో నేను చెప్పక ముందే పిన్ని కనిపెట్టేసింది. పెదనాన్న మూడో మెట్టు మీద కూర్చుని కదల్లేదు. బాబాయి మాత్రం బయటికి వెళ్లి కిటికీ కేసి చూస్తూ, వెనక ఖాళీ స్థలంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, జాలీ కొట్టిస్తే వెలుగు తగ్గుతుందా అని అడిగారు. సన్నతీగది అయితే అంతగా తగ్గదన్నాను. సోమవారం మనిషిని పంపిస్తామన్నారట.