స్వల్పధనముతో పూర్వకాల చలనచిత్రము

గతసంవత్సరము మేము కొందఱు విద్యార్థులము చేరి, పలనాటి వీరుల కథను సెల్‌ఫోను కెమెరాతో చిన్న చలనచిత్రముగా తీయబూనితిమి. చందాలు వేసికొని కూడబెట్టిన ధనములో ముప్పాతిక భాగము అద్దె కిరీటములకును, జరీ యుడుపులకును వ్యయమైపోయినది. చిత్రము చూచినవారు నవ్విరి. బ్రహ్మనాయుడు కొలువుతీరిన మండపము వెనుక విద్యుత్తీగలు వ్రేలాడుచుండెను. ఒక భటుని ముంజేత గడియారము మెఱయుచుండెను. నాడు నొచ్చుకొంటిమి గాని, ఆ నవ్వు న్యాయమైనదే యని నేడు ఒప్పుకొనుచున్నాము.

ధనము లేనివారు పూర్వరాజుల కథల జోలికి పోరాదని పెద్దలు కొందఱు హితవు చెప్పిరి. ఈ మాటతో మేము ఏకీభవింపజాలము. గూడవల్లి రామబ్రహ్మముగారు ప్రారంభింపగా, 1946లో వారు కీర్తిశేషులైన పిదప ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధము’ 1947లో వెలువడినది. అట్టి సన్నాహము మాకు సాధ్యము కాదు, నిజమే. కాని పన్నెండవ శతాబ్దపు ఆ కలహమునకు మూలమని చెప్పబడు కోడిపందెమునకు ఏనుగులు వలయునా? కోటలు వలయునా? కోళ్ళను హింసింపనైనను అక్కఱలేదు. పందెము చూచు పదిమంది ముఖములును, తుదకు వారినావరించు నిశ్శబ్దమును చాలును. 1975లో వెలువడిన ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ అను ఆంగ్లచిత్రమున, గుఱ్ఱములకు ధనము చాలక, కొబ్బరిచిప్పలు తట్టి గిట్టల చప్పుడు పుట్టించిరి. ఆ లేమియే హాస్యమై నేటికిని ప్రేక్షకులను అలరించుచున్నది.

కావున మాకు కొఱవడినది ధనము కాదు, పరిశీలన. ఆ కాలపు వస్తువులను కొనితెచ్చుటకంటె, ఆ కాలమునకు చెందనివానిని తొలగించుట ముఖ్యము. పలనాడు నేడు మిరపకు పేరుగన్నది. కాని 1492లో కొలంబసు అమెరికా ఖండమును చేరుటకు పూర్వము మన దేశమున మిరపకాయయే లేదు. బ్రహ్మనాయుని వంటయింట మిరియములే యుండవలెను. మన కొమరోలు పరిసరముల నిండియున్న సర్కారుతుమ్మయు 19వ శతాబ్దమున వచ్చినదే. కెమెరాను నాలుగడుగులు జరిపి వేపచెట్టువైపు త్రిప్పుటకు వ్యయమేమి?

ఈ యేడు మేము దూరపు కథను వెదకదలచుకొనలేదు. కొండలనడుమ గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగరరాజుల కాలమున కట్టిన కంభము చెరువుకట్ట మనకు చేరువనే యున్నది. దానిని వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. కట్టించినవారి పేరు నిలిచినది. మట్టి మోసినవారి పేర్లు నిలువలేదు. వారి కథకు కిరీటము వలదు. ముతక నేతగుడ్డ, గంప, పార, చెమట చాలును. మాలో పెక్కురము సేద్యగాండ్ర బిడ్డలము, కూలివారి బిడ్డలము. గంప తలకెత్తుకొను విధము మాకు ఒకరు నేర్పనక్కఱలేదు.

సోదర విద్యార్థులారా! పేదఱికము చిత్రమునకు కళంకము కాదు, అజాగ్రత్తయే కళంకము. ఈసారి కిరీటములకై చందా అడుగము. మీ తాతల ఇండ్ల అటకలపై పాత గంపలున్నచో తెచ్చి యిండు. మాతోకూడ కట్టపైకి రండు.