సముద్రం కనిపించే ఇల్లు

ఉద్యోగం అయిపోయాక ఏం చేస్తారని ఒకప్పుడు అడిగితే, కాశీ వెళ్ళి వస్తామనో, మిగిలిన అమ్మాయి పెళ్ళి చేస్తామనో చెప్పేవారు. ఇప్పుడు మా సబ్బవరంలో ఎవరిని కదిపినా, “భీమిలి వైపు సముద్రం దగ్గిర చిన్న ఇల్లొకటి చూస్తున్నామండీ” అంటున్నారు. తప్పు వాళ్ళది కాదు. మా ఊరి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరుసల రోడ్డు పడింది. అక్కడ కుడిచేతి వైపు తిరిగితే భీమిలి దారే. తెల్లవారగట్ల పులిహోర మూట కట్టుకుని బయలుదేరితే ఎండెక్కేలోగా ఇసుకలో కూర్చోవచ్చును.

ఈ కోరికను వెక్కిరించడానికి నాకు నోరు రాదు. గోస్తని సముద్రంలో కలిసే చోటు అది. పదిహేడో శతాబ్దంలోనే డచ్చివారు వర్తకానికి వచ్చి స్థిరపడ్డారు. వారి సమాధులు ఇప్పటికీ వున్నాయి. 1861 నాటికే మునిసిపాలిటీ అయిన పట్నం. అలాంటి చోట సాయంకాలం వరండాలో కుర్చీ వేసుక్కూర్చోవాలని ఎవరికుండదు?

మా వీధిలో ఒక మాస్టారున్నారు. ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బు మొత్తం పెట్టి రెండు వందల గజాలూ, దాని మీదున్న ఇల్లూ కొందామని బయలుదేరారు. రంగుల కరపత్రం తెచ్చి నా చేతికిచ్చి, “చదివి చెప్పవోయ్, తెలుగు మేష్టరువి కదా!” అన్నారు. అందులో తెలుగు తక్కువ, సముద్రం ఎక్కువ. భోగాపురం విమానాశ్రయం మాత్రం మూడు చోట్ల వుంది.

దస్తావేజు నమూనా కూడా తెచ్చారు. హద్దులు చూశాను. తూర్పు: ముప్ఫై అడుగుల రోడ్డు. దానికవతల ఖాళీ స్థలం, ఎవరిదో. సముద్రం ఆ స్థలానికి అవతల వుంది. అంటే మాస్టారు దేనికోసం గజానికి అంత ఎక్కువ పోస్తున్నారో ఆ వస్తువు దస్తావేజులో ఎక్కడా లేదు. ఎదుటి స్థలంవాడు రేపు మూడంతస్తులు లేపితే మాస్టారి సముద్రం అతని డాబా మీదకు వెళ్ళిపోతుంది. కోర్టుకెక్కడానికి కాగితం ఏదీ?

“అక్కడెవరూ కట్టరటోయ్, తీర ప్రాంతపు నిబంధన వుందిట” అన్నారు మాస్టారు. వుంది. ఆ నిబంధన 1991లో మొదలై, 2011లో మారి, 2019 జనవరిలో మళ్ళీ మారింది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు చేరే గీత నుంచి లెక్క. పల్లెల్లో 200 మీటర్ల మేర కొత్త ఇళ్ళు కూడదన్నది పాత లెక్క. 2019 తర్వాత, జనం ఒత్తుగా వున్న పల్లెల్లో, తీర పటానికి ఆమోదం వచ్చాక, 50 మీటర్లు చాలన్నారు. పట్నంలో అయితే అప్పటికే వున్న రోడ్డుకో, అనుమతి వున్న కట్టడాలకో ఈవలి వైపునే కట్టాలి. ఇలా మారే గీతను నమ్ముకుని ఎదుటివాడు కట్టడని ఎలా అనుకోవడం? పైగా ఎదుటివాడికి అడ్డొచ్చే నిబంధన మనింటికీ అడ్డు రావచ్చును కదా! ఇంటిపన్ను రసీదు చూపించి “పర్మిషనుందండీ” అనే బ్రోకర్లున్నారు. పన్ను కట్టించుకోవడం వేరు, కట్టుకోమనడం వేరు.

లే అవుటుకు వి.ఎం.ఆర్.డి.ఎ. వారిచ్చిన నంబరుందా అని అడగాలి. సర్వే నంబరు 22-ఎ నిషేధపు జాబితాలో వుందేమో రిజిస్ట్రారు ఆఫీసులో చూడాలి. బీదలకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూములు చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. తర్వాత సవరణలు జరిగినా, ఏ భూమికి ఏది వర్తిస్తుందో వకీలు చెప్పాలిగాని బ్రోకరు కాదు. ఈ.సీ., లింకు దస్తావేజులూ చూడకుండా బయానా ఇవ్వకూడదు.

కాగితాలన్నీ బాగున్నాయే అనుకుందాం. ఉప్పుగాలి మాటేమిటి? అది కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. తాళం వేసిన ఇంట్లో ఇది ఎవరి కంటా పడదు. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ దగ్గిర తీరం దాటిన రోజు ఈ జిల్లాలవాళ్ళకు ఒకరు గుర్తు చెయ్యనక్కర్లేదు.

మాస్టారితో నేనూ వెళ్ళాను. ఇల్లు ముచ్చటగానే వుంది. దగ్గిరలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని ఒడ్డు ఇంతేనా అని అడిగాను. తల ఎత్తకుండానే నీళ్ళకేసి చెయ్యి చూపించి, “అల్లక్కడ కెరటం ఇరుగుతంది సూడండి బాబూ, నా సిన్నప్పుడు అక్కడే పడవలు కట్టేవోళ్ళం” అన్నాడు. మాస్టారు దూరం కళ్ళతోనే కొలిచి మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక పిన్నిగారు లెక్క తీశారు. “ఏమండీ, సంక్రాంతికి రెండు రోజులు, పిల్లలొస్తే వేసవిలో వారం. తొమ్మిది రోజులకి వాచ్‌మన్ జీతం పన్నెండు నెలలూ ఇవ్వాలి. ఆ తొమ్మిది రోజులూ అద్దెకు దిగితే ఎంతవుతుంది?” మాస్టారు, “మనవలకి తాతగారి ఇల్లు అనేదొకటి వుండాలి కదే!” అన్నారు. దానికి ఆవిడ దగ్గిరా జవాబు లేదు, నా దగ్గిరా లేదు. డబ్బు లెక్కకి అందని మాట అది.

ప్రస్తుతానికి బయానా ఆగింది. సర్వే నంబరు కాగితం మీద రాసుకుని మాస్టారు రిజిస్ట్రారు ఆఫీసుకు తిరుగుతున్నారు. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తామంటే పిన్నిగారు ఒక ఖాళీ సీసా కడిగిచ్చారు, ఆ ఇంటి బోరు నీళ్ళు పట్టుకురమ్మని. పప్పు ఉడుకుతుందో లేదో చూస్తారట.