ఎవరిదీ మూట?

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో మూట పక్కన మనిషి ఉండడు. పప్పుల బస్తాలు, ఎండుమిర్చి సంచులు, బెల్లం మూటలు దుకాణం ముందు దించేసి ఎవరి పనిమీద వాళ్లు పోతారు. గోనె మీద నీలి సిరాతో రెండక్షరాలు, కింద ఊరి పేరు. దాన్నే మార్కా అంటారు. సాయంత్రానికి ట్రాలీ వస్తుంది. హమాలీ మార్కా చూసి ఎత్తుతాడు. బిల్టీ, అంటే రవాణా రసీదు, చేతులు మారుతుంది. మూట ఏ నారాయణపేటకో, ఏ బీదరుకో బయలుదేరుతుంది. ఏడో నిజాం పేరు పెట్టుకున్న ఈ గంజ్ నడిచేది ఆ రెండక్షరాల మీద నమ్మకంతోనే.

అలాంటి బజారులో ఎవరిదో తెలియని సంచిని చూస్తే దూరం జరగమని చెబితే ఎలా ఉంటుంది? 2007లో ఈ నగరం అలా దూరం జరిగింది. మే 18, శుక్రవారం, జుమ్మా నమాజు వేళ మక్కా మసీదులో, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూఖానా దగ్గర బాంబు పేలింది. 9 మంది పోయారు. ఆ వెంటనే బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. మూడు నెలలు దాటాయో లేదో, ఆగస్టు 25 శనివారం సాయంత్రం లుంబినీ పార్కులో ఒకటి, కోఠీ గోకుల్ చాట్‌లో ఒకటి పేలాయి. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా చనిపోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన కింద పెట్టింది పేలకముందే దొరికింది. గోకుల్ చాట్ గంజ్‌కు నడిచి వెళ్లేంత దూరం. దుకాణాలు కట్టేసి ఇంటికి పోతూ అక్కడ ఆగి ఓ ప్లేటు తినిపోవడం ఈ చుట్టుపక్కల గుమాస్తాలకు అలవాటే.

ఆ రాత్రి ఊరంతా టీవీల ముందు కూర్చుంది. తెలుగులో 24 గంటల వార్తా చానెళ్లు మొదలై అప్పటికి మూడేళ్లే. అవే కొన్ని క్షణాల దృశ్యాలు తిప్పి తిప్పి వేశారు. చెదిరిపడిన చెప్పులు, స్ట్రెచర్లు, ఎవరినో వెతుక్కుంటూ ఆసుపత్రి గేటు దగ్గర ఏడుస్తున్న తల్లి. ఆ తల్లి తన ఏడుపును ఊరంతా చూడాలని కోరుకోలేదు. కెమెరా ఆమెను అడగనూ లేదు. ఎంతమంది అనే ప్రశ్నకు జవాబు ఆసుపత్రి నుంచి ఇంకా రాకముందే, ఎవరు అనే ప్రశ్నకు జవాబు స్టూడియోలో సిద్ధమైపోయింది. వార్తకు తొందర ఉంటుంది, నిజమే. తొందరలో చెప్పిన పేరు మాత్రం తొందరగా చెరిగిపోదు.

మక్కా మసీదు కేసే చూద్దాం. మొదట హుజీ అనే ఉగ్రవాద సంస్థ పేరు వినిపించింది. పాతనగరం కుర్రాళ్లు పదుల సంఖ్యలో పోలీసుల అదుపులోకి వెళ్లారు. కొందరు నెలల తరబడి జైల్లో ఉన్నారు. చిత్రహింసలు పెట్టారని చెప్పారు. ఆ మాట మైనారిటీ కమిషన్ దాకా వెళ్లింది. తర్వాత దర్యాప్తు సీబీఐకి, అక్కడి నుంచి ఎన్‌ఐఏకి మారి పూర్తిగా వేరే దిక్కుకు తిరిగింది. స్వామి అసీమానంద తదితరులు నిందితులయ్యారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు వాళ్లలో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులని వదిలేసింది. పదకొండేళ్లకు తేలింది ఇంతే. మొదట పట్టుకుపోయిన కుర్రాళ్లకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, కొందరికి 3 లక్షలు, ఎక్కువమందికి 20 వేలు. 2013లో హైకోర్టు ఆ నిర్ణయాన్నీ కొట్టేసింది. నిర్దోషులని తేలినా ఉద్యోగం అడగబోయిన చోట, అద్దెకు ఇల్లు వెతుక్కున్న చోట ఆ కుర్రాళ్లకు ముందుగా ఎదురొచ్చింది టీవీలో పడిన ముఖమే.

ముంబై దాడుల కేసులో 2012 ఆగస్టు 29న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దాడులు సాగిన మూడు రోజుల టీవీ ప్రత్యక్ష ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనల్లో మార్పు వచ్చింది. ఉగ్రవాదులతో భద్రతా దళాలు తలపడుతున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారం కూడదన్నారు. మంచిదే. అనుమానాన్ని ప్రత్యక్ష ప్రసారం చేయడాన్ని మాత్రం ఏ నిబంధనా ఆపలేదు.

ఇక కథకు వద్దాం. ఈ మాటలన్నీ నిజానికి కథ కోసమే. కథకు తొందర లేదు. సాయంత్రం బులెటిన్‌కు అందాల్సిన అవసరం లేదు. తెలియదని ఒప్పుకునే హక్కు వార్త కంటే కథకే ఎక్కువ. అయినా మన కథలు, ముఖ్యంగా మన సినిమాలు, ఆ హక్కును వదులుకుని వార్త తొందరనే అరువు తెచ్చుకుంటున్నాయి. బాధ అక్కడుంది.

2009లో 'ఈనాడు' వచ్చింది, హిందీ 'ఎ వెన్స్‌డే'కి తెలుగు రూపం. ఒక సామాన్యుడు పోలీసు కమిషనర్‌కు ఫోన్ చేసి, జైల్లో ఉన్న తీవ్రవాదులను బయటికి రప్పించి, వాళ్లను చంపించడం కథ. హాల్లో చప్పట్లు కొట్టారు. ఆ కోపం నిజమైనదే, బాంబు పేలిన ఊళ్లో అలాంటి కోపం రాకపోతేనే ఆశ్చర్యం. ఆ చప్పట్ల సమయానికి మక్కా మసీదు కేసులో అసలు దోషులెవరో దర్యాప్తు సంస్థలకే స్పష్టత లేదు. సినిమాలో మాత్రం నేరస్థుడెవరో ముందే తెలుసు. కోర్టు అడ్డంకిగా కనిపించడానికి కారణం అదే. రచయిత అన్నీ తెలిసినవాడిలా నిలబడ్డాడు. ప్రేక్షకుడు ఆ తెలిసినతనాన్ని ఇంటికి తీసుకుపోయాడు.

మరుసటి ఏడాది క్రిష్ తీసిన 'వేదం' నిజాయితీగల ప్రయత్నం. పాతనగరానికి చెందిన రహీముద్దీన్ ఖురేషీని పోలీసులు అన్యాయంగా పట్టుకుంటారు, హింసిస్తారు. మనోజ్ బాజ్‌పాయ్ ఆ పాత్రను మోసిన తీరు ఇప్పటికీ గుర్తుంది. చివర ఆసుపత్రిపై దాడి జరిగినప్పుడు అతను తనను హింసించిన పోలీసునే కాపాడతాడు. అక్కడ కళ్లు చెమర్చాయి. ఇంటికి వచ్చాక ఒక ప్రశ్న మిగిలింది. తను నిర్దోషి అని నమ్మించడానికి ఒక మనిషి ప్రాణం అడ్డుపెట్టాలా? మామూలుగా, ఎవరినీ కాపాడకుండా, సాయంత్రం దుకాణం కట్టేసి ఇంటికిపోయే రహీముద్దీన్‌ను మనం నమ్మలేమా? ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే 'పుట్టుమచ్చ'లో ఆ బాధంతా పెట్టారు. పుట్టుకతోనే అనుమానాన్ని మోయాల్సి రావడం ఎలా ఉంటుందో ఆ కావ్యం తెలుగువాళ్లకు చెప్పింది. పదహారేళ్ల తర్వాత పాతనగరం కుర్రాళ్లు అదే మచ్చను పోలీస్ స్టేషన్లలో చూసుకున్నారు.

ఈ విషయంలో నాకు తోవ చూపిన కథ చాలా చిన్నది. వేంపల్లె షరీఫ్ రాసిన 'జుమ్మా'. ఆ పేరుతోనే వచ్చిన సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అందులో బాంబు పెట్టినవాడు లేడు. కమిషనర్ లేడు. స్టూడియో లేదు. ఉన్నది ఒక అమ్మ, ఒక కొడుకు. చిన్నప్పటి నుంచీ జుమ్మా నమాజుకు పొమ్మని పోరుపెట్టిన అమ్మ, మక్కా మసీదు వార్త విన్నాక, పట్నంలో ఉన్న కొడుకును మసీదుకు పోవద్దని వేడుకుంటుంది. అంతే కథ. ఒక తల్లి నోట దేవుడి కంటే ముందు భయం మాట రావడం. పేలుడు ఎంత దూరం వినిపించిందో ఏ నివేదికా కొలవలేని కొలత అది. చానెళ్ల దగ్గర వీడియో ఉంది, పోలీసుల దగ్గర ఫైలు ఉంది. అమ్మ గొంతులో వచ్చిన ఆ తడబాటు కథకుడి దగ్గరే ఉంది.

అంటే బాంబు పెట్టినవాడి గురించి రాయకూడదని కాదు. రాయాలి. కరణ్ మహాజన్ ఇంగ్లిషులో 2016లో రాసిన నవల ఒకటుంది, 1996లో ఢిల్లీ లాజ్‌పత్ నగర్ బజారులో జరిగిన పేలుడు మీద. రిపేరుకిచ్చిన టీవీని తీసుకురావడానికి బజారుకు వెళ్లిన ఇద్దరు అన్నదమ్ములు అందులో చనిపోతారు. టీవీ తెద్దామని పోయిన పిల్లలు టీవీలో వార్తయ్యారు. ఆ రచయిత బాంబు తయారుచేసినవాడి గదిలోకీ వెళ్లాడు, పిల్లల తల్లిదండ్రుల పడకగదిలోకీ వెళ్లాడు, బతికి బయటపడ్డ స్నేహితుడి మణికట్టు నొప్పినీ ఏళ్ల తరబడి వెంటాడాడు. ఎవరినీ క్షమించలేదు, ఎవరినీ తొందరపడి తీర్పు కింద పడెయ్యలేదు. పెద్ద దాడులకు స్మారకాలు కడతారు. బజార్లలో పేలే చిన్న బాంబులు ఆ వీధివాళ్లకే మిగులుతాయి. ఆ మిగిలినదాని కోసం ఇరవై ఏళ్ల తర్వాత ఒకాయన వెనక్కి తిరిగి వచ్చాడు.

మనకు అలాంటి పెద్ద నవల ఇంకా రావలసి ఉంది. గోకుల్ చాట్ మళ్లీ తెరుచుకుంది, రద్దీ ఎప్పటిలాగే ఉంది. ఆ కేసులో 2018 సెప్టెంబరులో ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి, ఇద్దరిని వదిలేశారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన టిఫిన్ డబ్బాలు పేలాయి. దాని శిక్షల సంగతీ పేపర్లలో వచ్చింది. కాలు పోగొట్టుకుని ఇప్పుడు ఎక్కడో ఎస్టీడీ బూత్ నుంచి మొబైల్ రీచార్జి దుకాణానికి మారినవాడు, చదువు ఆగిపోయిన అమ్మాయి, పోలీసు స్టేషన్ నుంచి వచ్చాక పేరు మార్చుకుందామా అని ఆలోచించిన కుర్రాడు, వీళ్లంతా ఒకే నవలలో పక్కపక్కన కూర్చోవాల్సినవాళ్లు. వాళ్ల ఇంటి తలుపు కొట్టేముందు రచయిత అడగాలి. వద్దంటే తిరిగి రావాలి. పేర్లు మార్చినంత మాత్రాన ఆ తల్లి తన బిడ్డను గుర్తుపట్టకుండా ఉండదు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని మొన్న ఒక సాయంత్రం గంజ్‌లో నిలబడ్డాను. మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు. పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే మూటలు మోస్తున్న ఒక పెద్దాయన, చేతిలో కొక్కెం, భుజం మీద మడిచిన గోనె. ఆయన వంగి ఒక బస్తాను పక్కకు దొర్లించి, మార్కా పైకి కనబడేలా తిప్పి పెట్టాడు. ట్రాలీవాడికి వెతుకులాట తప్పుతుందని.

ఆగస్టు 25 రాత్రి గురించి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "సప్పుడు ఇనవడ్డది సార్. ఎక్కడోళ్లక్కడ ఉరికినం. మూటలన్ని రోడ్డు మీదనే ఉన్నయ్. ఎవలు ముట్టలే, ఎవలు ఎత్తలే" అన్నాడు.

మర్నాడు?

"పొద్దుగాల్నే వచ్చి లెక్కవెట్టినం. ఒక్కటి గూడ తక్కువ గాలే."

అంతలో ట్రాలీ వచ్చింది. ఆయన కొక్కెం తీసుకుని లేచాడు.