పాత ట్రాక్టరు కొనువారికి

సంతలో ఎద్దును కొనబోవు రైతు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. కాడికి గట్టి బరువు లాగించిన గాని బయానా యియ్యడు. ఆ రైతే పాత ట్రాక్టరు కొనునప్పుడు క్రొత్తగా పూసిన రంగును, మీటరులోని యంకెను చూచి రొక్కము చెల్లించుచున్నాడు. ఎద్దునెడ నున్న జాగ్రత్త యంత్రమునెడ నేల లేకపోవలెను?

ఎక్కువ గంటలు తిరిగిన బండిని కొనవచ్చునా యని సభ్యులు పలువురు మమ్మడుగుచుందురు. పాతదగుటయే దోషమని మేము చెప్పము. సకాలమున నూనె మార్చుచు ఒక్క చేతిమీద నడచిన బండి 6,000 గంటలు తిరిగినను పనికి వచ్చును. పలువురి చేతులలో పడి, యేటేట దమ్ములలో నలిగిన బండి 3,000 గంటలకే కూలబడవచ్చును. మీటరును మాత్రము నమ్మి బేరమాడరాదు. పాత బండ్లలో నది ఇంజను వేగమును బట్టి తిరుగునే గాని గడియారమువలె నడువదు. దాని తీగ తెగినచో ఏండ్లతరబడి నిలిచిపోవును. అరిగిన క్లచ్చి పెడలును, వదులైన స్టీరింగును అంతకంటె నిజము చెప్పును.

మేమెఱిగిన రైతొకడు నాలుగెకరముల మాగాణి కలవాడు, ఇంటి నగలు కుదువబెట్టి యిట్టి బండి నొకదానిని కొనెను. మేమును నాడు వెంట నుంటిమి; ఇంజను చప్పుడు విని “బాగుగనే యున్నది” యంటిమి. దమ్ముల కాలము రాగానే గేర్లు చెడెను. నాట్లు పదునైదు దినములు వెనుకబడెను. గేరుపెట్టెలోనికి నీరు దిగి నూనె పాలవలె తెల్లబడి యుండెను. కొనునాడు ఒక్క చుక్క తీసి చూచినను తెలిసియుండెడిది. ఆ నాటి మా మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాము. ఈ నాలుగు ముక్కలు వ్రాయుట కదియే కారణము.

అమ్మువాడు ఇంజనును ముందే వేడిచేసి యుంచవచ్చును. కావున నమ్మకమైన మెకానికును వెంటబెట్టుకొని తెల్లవారకమునుపే పోయి, చల్లగా నున్న ఇంజనును మీ యెదుటనే నడిపింపుడు. నీలపు పొగ వచ్చుచున్న యెడల నూనె కాలుచున్నదని యర్థము. నూనె పోయు మూత తీయగా గుప్పుగుప్పున పొగ యెగసినచో రింగులు అరిగినవి. రేడియేటరు నీటిపై నూనె తేలుచున్నచో నా బండి నచ్చటనే విడిచి రండు. పిదప నాగలి తగిలించి గంటసేపు దున్నింపుడు. ఎత్తి నిలిపిన నాగలి తనంతట దిగజారిన యెడల లిఫ్టు అరిగినదే.

కాగితములును చూడవలెను. ఆర్.సి.లో అప్పిచ్చినవారి పేరున్నచో, బాకీ తీరిన పత్రము చేతికి రానిదే పైకమియ్యరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము కొన్నవాడు 30 దినములలో నా సంగతి రిజిస్టరు చేయు అధికారికి తెలుపవలెను. “పేరు తరువాత మార్పించుకొందములే” యను మాట నమ్మి చిక్కులలో పడవలదు.

అన్నిటికంటె ముందు చూడవలసినది మన పొలము. అయిదెకరములకు ఏడాదికి 40 గంటల పని యున్నదనుకొందము. గంటకు 1,200 రూపాయల చొప్పున బాడుగ 48,000. బండి వెల 3,00,000. వడ్డీ నూటికి 12 అనుకొన్నచో ఏడాదికి వడ్డీయే 36,000. మిగిలిన 12,000 రూపాయలతో, గంటకు 4 లీటర్ల చొప్పున కావలసిన 160 లీటర్ల డీజిలైనను రాదు. ఇంక టైర్లు, మరమ్మతులు, డ్రైవరు కూలి యెక్కడనుండి తేవలెను? మీ యూరి ధరలు వేసి ఈ లెక్కను మీరే కట్టి చూడుడు.

కావున మా యభిప్రాయమిది. ఏనుగును తెచ్చుట కష్టము కాదు, మేపుట కష్టము. కొద్ది భూమి గలవారు బాడుగకు తెచ్చుకొనుట మేలు. లేదా నలుగురు కలిసి, వంతులను ఖర్చులను ముందుగ వ్రాసికొని కొనుట మేలు. పదునైదెకరములును, పైపనియు గలవాడు పాత బండిని కొనవచ్చును గాని, ధరలో అయిదవ వంతు మరమ్మతులకై వేరుగా నుంచుకొన్న పిమ్మటనే బేరమునకు కూర్చుండవలెను. ఆ సొమ్ము చేతిలేనివానికి చవుక బండియే మిక్కిలి ప్రియమైన బండి.