ఎత్తొద్దన్న ఫోను

పోయిన చలికాలం నేను సెల్‌ఫోన్ కంపెనీ మారాను. దాంతో నంబరు కూడా మారింది. మార్కమ్‌లో 905 నంబరుంటే పాతకాపు అని లెక్క. 1993లో టొరాంటో 416ను విడదీసి చుట్టుపక్కల ఊళ్ళకిచ్చిన కోడ్ అది. అది చాలక 2001లో 289, 2013లో 365, 2021లో 742 వచ్చి చేరాయి. నా వంతుకి 742 వచ్చింది. ఆ నంబరు నుంచి తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. వాట్సాప్‌లో చెయ్యొచ్చుగా అంటారేమో, ఆ వారం వాళ్ళింట్లో ఇంటర్నెట్ లేదు. నాన్నకి కంటి ఆపరేషనై అప్పటికి నాలుగు రోజులు. మూడోనాడు పక్కింటి పిన్నిగారికి చేస్తే, ఆవిడ మా ఫామిలీ గ్రూపులో లేదు గనక, వెంటనే ఎత్తింది. గోడ మీంచి ఫోన్ అమ్మకందించింది.

"ఫోన్ ఎందుకెత్తవమ్మా?" అన్నాను కాస్త గట్టిగానే.

"ప్లస్ పెట్టి వచ్చే కొత్త నంబరేదీ ఎత్తొద్దని నువ్వేగదరా గ్రూపులో పెట్టావు!"

వెనక్కి వెళ్ళి చూస్తే నిజమే. మీక్కూడా వచ్చే ఉంటుంది ఆ మెసేజి. +375, +371 అని మొదలయ్యే నంబర్ల నుంచి ఫోనొస్తే ఎత్తొద్దు, తిరిగి చెయ్యొద్దు, మూడు సెకన్లలో మీ కాంటాక్టులూ బ్యాంకు వివరాలూ లాగేస్తారు, ఎవరు చెప్పినా #90 గానీ #09 గానీ నొక్కొద్దు, మీ వాళ్ళందరికీ పంపండి. 375 బెలారస్ కోడ్, 371 లాత్వియా కోడ్. ఇరవై ఏళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, ఫోన్ ఎత్తినంత మాత్రాన కాంటాక్టులు ఎలా కాపీ అవుతాయని ఒక్క క్షణం ఆలోచించలేదు. "పంపితే పోయేదేముంది" అనుకున్నాను. పోయింది రెండు రోజుల నిద్ర.

ఈ మెసేజి ఒక అతుకుల బొంత. ఒక్కో ముక్కా ఒక్కో కాలానిది, ప్రతి ముక్కలోనూ పిసరంత నిజముంది. 90# సంగతి చూడండి. 1998 ప్రాంతంలో ఈమెయిల్‌లో తిరిగిన హెచ్చరిక ఇది. బయటి లైనుకి 9 నొక్కాల్సిన కొన్ని ఆఫీసు ఎక్స్ఛేంజీల్లో, ఫోన్ మెకానిక్‌నంటూ ఎవడో చేసి "9, 0, హాష్ నొక్కండి, లైను పరీక్షిస్తున్నాం" అంటాడు. నొక్కితే వాడి కాల్ బయటి ఆపరేటర్‌కి బదిలీ అవుతుంది, ఆ తర్వాత వాడు చేసుకున్న కాల్స్ ఆఫీసు ఖాతాలో పడతాయి. ఇళ్ళలోని ఫోన్లకీ సెల్‌ఫోన్లకీ దీంతో సంబంధమే లేదు. అయినా 2012లో ఇండియాలో అదే కోడ్ తిరగబడి #90 అయి, సిమ్ కార్డునే క్లోన్ చేసేస్తుందన్న పుకారుగా మళ్ళీ లేచింది.

ఇంకో ముక్క 809. హాట్‌మెయిల్ రోజుల్లో వచ్చిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 809కి ఫోన్ చేస్తే నిమిషానికి 2,425 డాలర్లు పడుతుందని! ఎక్కడో చుక్క జారిపోయి ఉంటుందని నా అనుమానం. ఆ లెక్క అబద్ధమే గానీ వల మాత్రం నిజం. కెనడా, అమెరికాతో పాటు చాలా కరీబియన్ దేశాలకి కూడా దేశపు కోడ్ ఒకటే, 1. అందుకని డొమినికన్ రిపబ్లిక్ 809, జమైకా 876 చూడ్డానికి మన 905లాగే ఉంటాయి. 011 నొక్కనక్కర్లేదు గనక విదేశానికి చేస్తున్నామన్న స్పృహే కలగదు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు. మనం తిరిగి చేస్తే, మన కంపెనీ అవతలి దేశపు కంపెనీకి నిమిషాల లెక్కన కట్టే సొమ్ములో ఆ నంబరు తీసుకున్నవాడికీ వాటా ఉంటుంది. అందుకే పాటలు వినిపిస్తారు, ఆగమంటారు, ఎంతసేపుంటే అంత. జపాన్‌లో దీన్ని వాంగిరి అన్నారు, ఒక్క రింగిచ్చి కట్ చెయ్యడం అని. మిస్డ్ కాల్‌ని ఒక భాషగా వాడుకున్న మన వాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం. మిస్డ్ కాల్ చూస్తే తిరిగి చెయ్యకపోవడం మర్యాద కాదని మా నాన్న ఇప్పటికీ అనుకుంటాడు.

అసలు మోసం ఈ పుకార్ల పక్కనే నడుస్తోంది. కొరియర్ వాళ్ళమనో ఫోన్ కంపెనీ వాళ్ళమనో చేసి *401* నొక్కి ఫలానా నంబరు కొట్టమంటారు. కొడితే మీకొచ్చే కాల్స్ అన్నీ వాడికి మళ్ళిపోతాయి, ఫోన్‌లో చదివి వినిపించే ఓటీపీలతో సహా. 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా కోడ్‌తో కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకునే సదుపాయాన్నే ఆపెయ్యమని భారత టెలికాం శాఖ ఆదేశించాల్సి వచ్చింది. నా ఫార్వర్డు అమ్మకి నేర్పిందేమిటి? ఫోన్ ఎత్తడానికి భయపడమని. భయపడాల్సింది అవతలివాడు చెప్పినట్టు నొక్కడానికి, ముక్కూమొహం తెలియని నంబరుకి తిరిగి చెయ్యడానికి. తొంభై అయితే ప్రమాదం, నాలుగొందల ఒకటైతే పర్లేదు అనుకునే స్థితిలో ఆవిణ్ణి నేనే పెట్టాను.

ఇక ఎత్తితే డబ్బు పోతుందన్న భయం, అది పూర్తిగా పుకారని కొట్టెయ్యలేను. ఇండియాలో సెల్‌ఫోన్లు 1995లో మొదలైనప్పుడు వచ్చే కాల్‌కీ కట్టాల్సిందే. 2003లో ఆ బాధ తప్పింది. ఇక్కడ అవతలివాడు చేసినా మన నిమిషాలే ఖర్చయ్యేవి. అది చాలదన్నట్టు 2008 ఆగస్టులో బెల్, టెలస్ మెసేజి ప్లాన్ లేనివాళ్ళకి వచ్చే ఒక్కో మెసేజికీ 15 సెంట్లు మొదలుపెట్టాయి. కాల్ అయితే ఎత్తకుండా ఊరుకోవచ్చు, మెసేజిని వద్దనడమెలా? అప్పటి పరిశ్రమల మంత్రి జిమ్ ప్రెంటిస్ కంపెనీలను పిలిచి అడిగారు. చార్జీ మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆ బాధ రోమింగ్ రూపంలో మిగిలింది. రెండేళ్ళ క్రితం వేసవిలో నాన్న ఇక్కడికొచ్చినప్పుడు బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంచుకున్నాడు. వచ్చే మెసేజీలకి సాధారణంగా పైసా పడదు. వచ్చే కాల్స్‌కి పడుతుంది. ప్లాట్లు కొంటారా, లోను కావాలా అని హైదరాబాదు నుంచి తెల్లవారుజామున మోగిన ప్రతి కాల్‌నీ ఆయన శ్రద్ధగా ఎత్తి "వద్దు బాబూ" అని చెప్పాడు. వద్దని చెప్పడానికి డబ్బు కట్టాడు. విచిత్రం, ఎత్తని వాటికి కూడా కట్టాడు! ఎలాగంటే, కాల్ ఇండియా నుంచి కెనడా దాకా వస్తుంది, ఎవరూ ఎత్తరు, వాయిస్ మెయిల్‌కి ఫార్వర్డ్ అవుతుంది. ఆ వాయిస్ మెయిల్ ఉన్నది ఇండియాలో. కనక కెనడా నుంచి మళ్ళీ ఇండియాకి పోతుంది. రానూ చార్జి, పోనూ చార్జి. ప్రయాణానికి ముందే ఫార్వర్డింగ్‌లన్నీ తీసెయ్యడానికి జీఎస్‌ఎమ్‌లో ##002# అనే కోడ్ ఉంది. అది నాకు తెలుసు. నాన్నకి చెప్పాలని మాత్రం తోచలేదు.

కెనడాలో 2013 డిసెంబరు నుంచి అమల్లోకొచ్చిన వైర్‌లెస్ కోడ్ ప్రకారం, మన అనుమతి లేకుండా డేటా రోమింగ్ బిల్లు నెలకి 100 డాలర్లు దాటకూడదు. మంచిదే. కానీ ఒకటడుగుతాను. 876 కొట్టగానే అది జమైకా అనీ నిమిషానికెంతో అనీ స్విచ్చికి తెలుసు, తెలియకపోతే బిల్లెలా వేస్తుంది? కలిపే ముందు "ఈ కాల్ జమైకాకి, నిమిషానికి ఇంత" అని ఒక్క వాక్యం వినిపించడానికి ఏం కష్టం? మనలో టెలికాం బిల్లింగ్ రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అది ఎన్ని రోజుల పనో వాళ్ళకి తెలుసు. జాగ్రత్తగా ఉండండని ముసలివాళ్ళకి చెప్పడం కంపెనీలకి చవక, అంతే.

నా మెసేజిని గ్రూపులో వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ముగ్గురు బొటనవేలు చూపించారు. నిన్న మళ్ళీ అదే మెసేజి వచ్చింది, ఈసారి పొద్దుటి గులాబీ బొమ్మతో. పంపింది మా బాబాయి, ముప్పై ఏళ్ళకి పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనవాడు. మాట్లాడదామని నా 742 నుంచి చేశాను. ఎత్తలేదు.