గంట ముందు అనుకుని నాటకానికి వెళ్ళాం

పోయిన నెల పెన్షన్ కాగితాల గురించి రాశాను. చదివామని చాలామంది చెప్పారు, సంతోషం. ఈ నెల కాగితాలు వద్దు. ఒక శనివారం రాత్రి మేం ఐదుగురం నాటకం చూసొచ్చిన సంగతి రాస్తాను. పేర్లు రాస్తే ఇళ్ళల్లో నాకు తిట్లు పడతాయి. అందుకని మిల్లులో ఎవరిది ఏ డిపార్ట్‌మెంటో ఆ పేరుతోనే చెప్తాను. స్పిన్నింగ్ బావ, డైయింగ్ అన్న, ఆయన భార్య మా వదిన, గేటు మామ, నేను. నాది నేత.

సాయంత్రం ఐదు దాటింది. పట్టాళంలో టీ కొట్టు ముందు కూర్చున్నాం. వదిన మందులు కొనుక్కుని వచ్చి అన్న పక్కన నిలబడింది. అప్పుడు బావ మనవరాలు పెద్ద సంచీ ఒకటి భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. కాలేజీలో మూడో ఏడాది చదువుతోంది.

"తాతా, ఆరున్నరకి మా నాటకం. ఎగ్మోరు మ్యూజియం థియేటర్లో. కన్యాశుల్కం. టికెట్ లేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అన్నాడు బావ.

"చెప్తే నాన్న వద్దంటాడు. నేను మధురవాణి" అనేసి బస్సు కోసం ఉరికింది.

మధురవాణి అంటే మా వయసు వాళ్ళకి 1955లో వచ్చిన సినిమాలో సావిత్రి. కానీ బావకి ముందు గుర్తొచ్చింది సావిత్రి కాదు, ఆ పాత్ర వేశ్య అన్న సంగతి. టీ గ్లాసు కింద పెట్టేసి మాట్లాడకుండా కూర్చున్నాడు. పేటలో ఎవరేమంటారో అన్న బెంగ ఆయన మొహంలో కనపడింది. గేటు మామే ముందు లేచాడు. "ఎవరో చెప్తే వినేదానికంటే మనమే చూసొద్దాం, లేవండి" అన్నాడు. చొక్కా మాసిందని బావ నసిగాడు. "స్టేజీ ఎక్కేది నువ్వు కాదులే అన్నా" అంది వదిన. ఇంక ఆయన లేవక తప్పలేదు.

బస్సులో వదినకి టికెట్ లేదు. 2021 నుంచి మన ఊరి మామూలు బస్సుల్లో ఆడోళ్ళకి టికెట్ లేదు కదా. మా నలుగురికీ కొట్టిన టికెట్లు చూపించి దారంతా నవ్వింది.

మ్యూజియం థియేటర్ 1896లో కట్టిన ఎర్ర బిల్డింగు. ఎన్నోసార్లు దాని ముందునుంచే పోయాను, లోపలికి పోవడం అదే మొదలు. గేటు దగ్గర మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఒక పిల్లవాడు వచ్చి "రండి తాతా" అని ముందు వరసలోనే కూర్చోబెట్టాడు.

నాటకానికి ముందు వాళ్ళ మాస్టారు నాలుగు మాటలు చెప్పారు. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులు గారి సరస వినోదినీ సభ వాళ్ళు మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడారంట. అవి చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్ అనే తమిళ కుర్రాడికి తనూ ఆడాలనిపించి, అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టాడంట. తర్వాత తమిళ నాటకానికి ఆయనే పెద్ద దిక్కు అయ్యాడు. సెంట్రల్ పక్కన విక్టోరియా హాలులో ఆ సభ నాటకాలు ఆడేది. తెలుగు నాటకం చూసి తమిళ నాటకం ఎదిగిన ఊరు మనది. ఈ సంగతి మన పిల్లలకి చెప్పాలి.

కన్యాశుల్కం మొదట 1892లో విజయనగరంలో ఆడారు. గురజాడ అప్పారావు గారు దాన్ని 1897లో పుస్తకంగా వేశారు, మళ్ళీ బాగా పెంచి రాసి 1909లో వేశారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకి వెల కట్టి ముసలోళ్ళకి పెళ్ళి చేసేవాళ్ళు. విజయనగరం మహారాజా గారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళల్లో అట్లాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయిస్తే మూడేళ్ళకి 1,034 తేలాయి. ఆ పెళ్ళిళ్ళను చూసి జనం సిగ్గుపడాలనే నాటకం రాశారు. రాసిన తీరు మాత్రం నవ్వించేది.

పిల్లలు మొత్తం కాకుండా గంటన్నరకి కుదించి ఆడారు. లుబ్ధావధాన్లు వేసిన కుర్రాడు తలకి పౌడరు కొట్టుకున్నాడు. మాట్లాడుతుంటే మీసం ఒక పక్క ఊడింది. దాన్ని చేత్తో నొక్కి పట్టుకునే డబ్బు లెక్క పెట్టాడు. అది కూడా పిసినారి వేషమేనేమో అనుకుని జనం చప్పట్లు కొట్టారు. పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వచ్చినప్పుడు వదిన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు, పెదాలు చూసే తెలుసుకునేవాళ్ళం. అది ఇక్కడ పనికొచ్చింది. తెర పక్కన డైలాగు అందించే పిల్లవాడి పెదాలు చూసి, తర్వాత మాట నాకు ముందే తెలిసిపోతోంది.

మన పిల్ల మధురవాణిగా వచ్చినప్పుడు బావ ముందుకి వంగి కూర్చున్నాడు. అది ఒళ్ళు తిప్పలేదు, కళ్ళు తిప్పలేదు. ఎదుటి మగాడు చెప్పే అబద్ధం ఎంతవరకు పోతుందో చూద్దామన్నట్టు ఓపిగ్గా వింటూ నిలబడింది. ఊళ్ళో మర్యాదస్తులు చిన్నపిల్ల సుబ్బికి 1,800 రూపాయలు బేరం పెడితే, ఆ పెళ్ళి చెడగొట్టడానికి సాయం చేసేది ఈ వేశ్యే. అది చూశాక బావ వెనక్కి జారగిలబడి ఊపిరి వదిలాడు. అయిపోగానే గేటు మామ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. ముందు వరసలో ఉన్న పెద్దోళ్ళు తిరిగి చూశారు, మామ మళ్ళీ వేశాడు.

తర్వాత మేకప్ కడుక్కోని పిల్లలు ఏడుగురు, మేం ఐదుగురం ఎగ్మోరు స్టేషన్ దగ్గర పరోటా కొట్లో కూర్చున్నాం. కొత్తు పరోటా కొట్టే చప్పుడు అచ్చం మగ్గం చప్పుడే. పిల్లలు వాళ్ళ కాగితాలు చూపించారు. సగం మంది తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. అయినా ఒక్క మాట తడబడలేదు. బిల్లు 1,400 అయింది. ఎవరు ఇవ్వాలని పోట్లాడుకుని, చివరికి మేం ఐదుగురం పంచుకున్నాం.

తింటుండగా పిల్ల ఫోన్ మోగింది, వాళ్ళ నాన్న. బావ ఫోన్ తీసుకుని "నాతో ఉంది, తిని వస్తాం" అని పెట్టేశాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. దీనికి సంబంధం వచ్చింది. 15 సవర్లు, ఒక బండి అడిగారు. పరీక్షలకి ముందే తాంబూలాలు పుచ్చుకుందామంటున్నారు. పిల్ల తల వంచుకుని పరోటా తుంచుతోంది.

"అప్పుడు ఆడపిల్లకి వాళ్ళు డబ్బిచ్చి తీసుకుపోయేవాళ్ళు. ఇప్పుడు డబ్బిచ్చి మరీ మనమే పంపిస్తున్నాం. బేరం తిరగబడింది గానీ పోలేదు" అన్నాడు బావ.

వరకట్నం తప్పని చట్టం 1961లోనే వచ్చింది. ఆ చట్టం వయసు ఇంచుమించు మా వయసే. మన పేటల్లో ఎన్ని ఇళ్ళు వడ్డీకి తెచ్చి పెళ్ళి చేశాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మర్నాడు బావ కొడుకుని కూర్చోబెట్టి, చదువు అయ్యేదాకా ఆ మాట ఎత్తొద్దని, బంగారం లెక్క అసలు వద్దని చెప్పాడు. అవతలి వాళ్ళ నుంచి ఇంకా కబురు రాలేదు. కొడుకు బావతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఏమవుతుందో చూడాలి. పిల్ల మాత్రం రోజూ సాయంత్రం తాతకి టీ తనే పెట్టిస్తోంది.

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. మనకి సాయంత్రం అనేది ఊరికే రాలేదు. 1911 చట్టంలో మిల్లు కార్మికుడికి రోజుకి 12 గంటల పని. 1918 ఏప్రిల్ 27న మన పెరంబూరులోనే మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. వాడియా గారు, తిరు.వి.క. గారు కార్మికుల పక్కన నిలబడ్డారు. దేశమంతా ఇట్లాంటి పోరాటాలు జరిగాక 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, 1946లో 48 అయ్యాయి. ఆ తగ్గిన గంటలు మన పెద్దోళ్ళు మనకి సంపాదించి పెట్టిన ఆస్తి. మిల్లు నడిచినన్నాళ్ళూ సంగు మోగగానే గుంపుగా బయటికి వచ్చేవాళ్ళం, నాటకమో సినిమానో కబుర్లో ఉండేవి. మిల్లు మూతపడ్డాక ఎవరింట్లో వాళ్ళం, ఎవరి టీవీ ముందు వాళ్ళం. ఆ రాత్రి ఐదుగురం కలిసి వెళ్ళబట్టే బావ ఆ మాట బయటికి అనగలిగాడు. ఒక్కడే ఇంట్లో కూర్చుని ఉంటే అది లోపలే ఉండిపోయేది.

కాలేజీ పిల్లల నాటకాలకి చాలాసార్లు టికెట్ ఉండదు. ఎవరైనా రమ్మంటే చొక్కా మాసిందని ఆగకండి. పక్కింటి వాళ్ళని కూడా లేవదీసి తీసుకుపోండి. ఇక పిల్లలకి ఒక మాట. నాటకం ఉంటే మాకు చెప్పండి, గంట ముందు చెప్పినా చాలు, వస్తాం. మీసం మాత్రం గట్టిగా అంటించుకోండి.